కాటుకయ్య కత్తిపీట

అనగనగా ఒక రేగుపొద. ఆ పొదలో ఒక పిట్ట. ఆ పిట్టకో చెడ్డపేరు.

అసలు పేరు కాటుకయ్య. కంటి మీదుగా నల్లటి పట్టీ, అచ్చం కాటుక దిద్దినట్టే ఉండేది. అడవిలో మాత్రం అందరూ కసాయి పిట్ట అనేవారు. ఎందుకంటారా? పట్టిన మిడతనూ, తొండపిల్లనూ ముళ్లకు గుచ్చి ఉంచేవాడు మరి! చూసినవాళ్లకు ఒళ్లు జలదరించేది.

ఆ పొదలోనే అతని భార్య రేగమ్మ గుడ్లు పొదుగుతోంది. ఆమె లేస్తే గుడ్లు చల్లబడతాయి. అందుకని తిండి తెచ్చి నోట పెట్టే పని కాటుకయ్యది. పాపం, తను తిన్నా తినకపోయినా ఆమెకు వేళ తప్పనిచ్చేవాడు కాదు.

ఒకనాడు పిట్టలు డేగరాజుకు మొరపెట్టుకున్నాయి.

"వాడి గుమ్మం చూసి మా పిల్లలు జడుసుకుంటున్నారు ప్రభూ!" అంది పిచ్చుక.

"చంపింది తినడు, వేలాడదీస్తాడు" అంది గువ్వ.

"పొద ఖాళీ చేయించండి" అంది చిలుక.

డేగరాజు స్వయంగా వచ్చాడు. ఆయన గోళ్లకు పొద్దుటి వేట నెత్తురు ఇంకా ఆరలేదు. ఆ సంగతి ఎత్తే ధైర్యం ఎవరికుంది?

"ముల్లు లేకపోతే నా ఆలికి తిండి పెట్టలేను ప్రభూ" అన్నాడు కాటుకయ్య.

"నెపాలు చెప్పకు. ముల్లు ముట్టకుండా, ఆ వేలాడే తొండను దించి చీల్చి పెట్టు, చూస్తాం."

కాటుకయ్య తొండను కాలితో తొక్కిపట్టి ముక్కుతో లాగాడు. కాలు జారింది. కొమ్మకు అదిమి లాగాడు. తొండ కిందపడింది. రెండు కాళ్లతో పట్టి లాగాడు. తనే బోర్లాపడ్డాడు. పిట్టలు పకపకా నవ్వాయి.

అంతలో గూట్లోంచి రేగమ్మ ఆకలి కూత సన్నగా వినిపించింది. ఇక రాజూ గుర్తులేడు, ఆజ్ఞా గుర్తులేదు. కాటుకయ్య తొండను ముల్లుకు గుచ్చి లాగాడు. చటుక్కున తెగింది. ఆ మొదటి ముక్క తన నోట వేసుకోకుండా గూటికి పరుగెత్తాడు. నవ్వులు ఆగిపోయాయి.

తిరిగి వచ్చి తల వంచుకున్నాడు. "మనుషుల వంటింట్లో కత్తిపీట ఉంటుంది కదా ప్రభూ. నాకు ఈ ముల్లే కత్తిపీట. వేలాడేదంతా వాన పట్టినరోజు మా ఆవిడ తిండి."

డేగరాజు తన గోళ్లకేసి చాలాసేపు చూసుకున్నాడు.

"దేవుడు నాకు గోళ్లు కాళ్లకిచ్చాడు. వీడికి కొమ్మకిచ్చాడు. పొద వీడిదే."

గుడ్లు పిల్లలయ్యాయి. చూడటానికి అందరికన్నా ముందు గువ్వే వచ్చింది. గుమ్మంలో కాసేపు తటపటాయించి, "కాటుకయ్య బావా, పిల్లలు కులాసాయేనా?" అని అడిగింది. అడవిలో ఒకరు అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

ఎదుటివాడి గుమ్మంలో ఏముందో చూసి పేరు పెట్టేముందు, వాడి చేతిలో ఏమి లేదో చూడాలి.