దప్పిరాళ్ళ గుట్ట

మొగిలిగుండ్ల కనుమ దాటగానే ఎడమచేతి వైపు గుట్ట మీద వరుసగా నిలిపిన వీరగల్లులు కనిపిస్తాయి. ఒక్కో రాతి మీద కత్తి పట్టిన వీరుడు చెక్కి ఉంటాడు. ఇక్కడ గుడి లేదు, గంట లేదు. భక్తులు కొబ్బరికాయకు బదులు చెంబుతో నీళ్ళు తెస్తారు. ముందు రాళ్ళకు పోసి, ఆ తరువాతే తాము గొంతు తడుపుకుంటారు.

పూర్వం ఇక్కడ, పాళెగాళ్ళ కాలంలో, పరాయి సీమల నుంచి వచ్చిన సైనికులు ఊరి కోసం ఈ కనుమను కాచారు. మండుటెండలో పోరాడి శత్రువును తరిమికొట్టారు. మిగిలిన కొందరు గాయాలతో ఊరి కోట తలుపు దగ్గరికి వచ్చి నీళ్ళడిగారు. మారువేషంలో వచ్చిన శత్రువులేమోనని జడిసి ఊరివారు తలుపు తీయలేదు. ఆ తలుపు ముందే వారంతా ప్రాణాలు విడిచారు. నిజం తెలిశాక ఊరివారు తలవంచుకుని వారిని గుట్ట మీద పూడ్చారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మరుసటి వేసవిలో ఓబుళమ్మ అనే గొల్ల ఇల్లాలు మందకు నీళ్ళు మోసుకుపోతుండగా, గుట్ట దగ్గర నెత్తి మీది కుండ ఉన్నట్టుండి తేలికైంది. దించి చూస్తే చుక్క లేదు. కుండకు చిల్లు లేదు, నేల తడవలేదు. చుట్టూ మనిషి జాడ లేకున్నా ఎవరో ఆత్రంగా గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించింది.

అది మొదలు ఊరిలో ముంచిన నీళ్ళు నోటిదాకా వచ్చేవి కావు. ఓబుళమ్మ కోడలు పచ్చి బాలింత. ఆమెకు పాలు ఇంకిపోయాయి. పేరైనా పెట్టని పసివాడు ఏడ్చే ఓపిక కూడా లేక సొమ్మసిల్లాడు.

మనుమణ్ణి ఒళ్ళో పెట్టుకుని కునుకు తీసిన ఓబుళమ్మకు కలలో పెదవులు పగిలిన సైనికుడొకడు కనిపించాడు.

"అవ్వా, పేరు పెట్టి పిలిచి నీళ్ళియ్యండి" అన్నాడు.

"నీ పేరేంది నాయనా?"

చెప్పబోయి నోరు తెరిచాడు. నోటి నుంచి మన్ను రాలింది.

ఆమె ఉలిక్కిపడి లేచి, ఊరిపెద్ద నరసారెడ్డి దగ్గరికి పరుగెత్తింది.

"ఎవరి బిడ్డలో ఏమో! ఏమని పిలుస్తాం ఓబుళమ్మా?" అన్నాడాయన.

"మన పేర్లే ఇద్దాం రెడ్డీ. నీళ్ళియ్యక చంపుకుంటిమి. పేరన్నా ఇయ్యలేమా?"

ఆమె కుండ ఎత్తుకుని గుట్టెక్కింది. మనుమడికి పెట్టాలని దాచుకున్న, చనిపోయిన తన పెనిమిటి పేరుతో పిలిచింది. "కంబన్నా, మా ఇంటి బిడ్డవు నువ్వు. తాగు నాయనా" అంటూ కుండ వంచింది. మన్ను తడిసింది. అదే వేళకు ఇంట్లో కోడలు కడుపారా నీళ్ళు తాగింది, పసివాడికి పాలు పడ్డాయి. అది చూసి ఇంటికొకరు గుట్టెక్కి, తమ ఇంటివాడి పేరిచ్చి, ఒక్కో రాయి నిలిపారు.

నేటికీ ఏటా వైశాఖంలో ఆ ఇళ్ళవారు తమ వీరుణ్ణి పేరు పెట్టి పిలిచి నీళ్ళు పోస్తారు. అలా చేసిన ఇంట బాలింతలకు పాలు తగ్గవని నమ్మకం. వరుస చివర బొమ్మ చెక్కని రాయి ఒకటుంది. సరిహద్దు యుద్ధాలకు వెళ్ళి, శవమైనా ఇంటికి చేరని జవాన్ల తల్లులు అక్కడికి వచ్చి బిడ్డ పేరు పిలుస్తారు. గుట్ట దిగేటప్పుడు వెనుదిరిగి చూడకూడదన్నది నియమం. వెనకాల బూట్ల చప్పుడు వినిపించినా వారు చూడరు. వెనక వచ్చే ఆ అడుగులు తప్పిపోకుండా, నెమ్మదిగా నడుస్తారు.