ఐసు కంపెనీకి తీసిన ఫొటో

మా రోజుల్లో మా విశ్వవిద్యాలయం మొత్తానికి తెలివైనవాళ్ళు ముగ్గురే అని చెప్పుకునేవారు. చెప్పుకునేది కూడా ఆ ముగ్గురమే. అవధాని, పైడిరాజు, నేను. అవధానికి పుస్తకంలో ఏ మాట ఏ పేజీలో ఉందో తెలుసు, ఎందుకుందో తెలియదు. పైడిరాజు చెప్పిన పని చెప్పినట్టు చేసేస్తాడు, మధ్యలో ఆలోచించి టైము పాడు చేసుకోడు. ఇక నేను, సోమేశాన్ని, వాళ్ళిద్దరికీ తలూపేవాణ్ణి. ఆ పనికి ఆఫీసుల్లో జీతాలు కూడా ఇస్తారని తర్వాత తెలిసింది.

అప్పుడు ఎం.కాం. ఆఖరి ఏడాది. అంతకుముందు ఏడాది కూడా మాకు ఆఖరి ఏడాదే. కంపెనీ లెక్కల విశ్లేషణ అనే పేపరు మమ్మల్ని వదిలిపెట్టలేదు. ఈసారీ తప్పితే చదువు మాన్పించి నూనె కొట్లో కూచోబెడతానని మా నాన్న ఖాయంగా చెప్పేశాడు. మా కొట్లో ఈగ వాలితే లేవలేదు, అంత జిడ్డు. నేను వాలితే లేస్తానా? అదీ నా బెంగ.

ఆ పేపరు చెప్పే వేదాంతం గారు బంగారంలాంటి మనిషి. చేతిలో ఎప్పుడూ గొడుగుండేది, వానొస్తే తడిసిపోతుందని చంకలో దాచుకునేవారు. ఆయన ఒకరోజు మా ముగ్గుర్నీ పిలిచి కూచోబెట్టారు.

"ఒరే, ఆఖరిసారి చెబుతున్నాను. ఆస్తి అప్పుల పట్టీ అంటే ఏమిటి? సంవత్సరం ఆఖరి రోజున కంపెనీకి తీసిన ఫొటో. అందులో ఒకవైపు ఆస్తులు, ఒకవైపు అప్పులు. రెండు వైపులూ సమానంగా రావాలి. యంత్రం పాతబడుతుంది కనక ఏటా అందులో పదోవంతు తరుగుదల కింద తీసెయ్యాలి. అర్థమైందా?"

"అయింది సార్!"

"అదే నా భయం. సరే, ఏదైనా కంపెనీకి వెళ్ళి, కళ్ళతో చూసి, రిపోర్టు రాసుకురండి. బాగుంటే పాసు."

ఇంకేముంది, మార్చి నెలాఖరు రోజున పొద్దున్నే హార్బరు పక్కన సూరప్పనాయుడు గారి ఐసు ఫ్యాక్టరీలో దిగాం. పడవల మీద వచ్చే చేపలకి ఐసంతా అక్కడిదే. నాయుడు గారు సిల్కు లాల్చీలో పెళ్ళికి బయల్దేరుతున్నారు.

"సదువుకునే పిల్లలు, మంచిది బాబూ. పడవలొచ్చే ఏళకి నానొచ్చేస్తాను. అంతదాకా ఇది మీ కంపెనీయే అనుకోండి" అని రిక్షా ఎక్కారు.

అంతే. అనుకున్నాం.

ముందు యంత్రం దగ్గరికి వెళ్ళాం. అక్కడ దాలయ్య మేస్త్రీ కూచుని చుట్ట కాలుస్తున్నాడు.

"మేస్త్రీ, ఇది కొని ఎన్నాళ్ళయింది?" అన్నాడు అవధాని.

"మూడేళ్ళయినాది బాబూ."

"ఇందులోంచి ఏటా ఏమైనా తీస్తున్నారా?"

"ఏటి తీస్తాం? దుమ్ము తీస్తన్నాం."

అవధాని మొహం నల్లబడింది. "మూడేళ్ళ నుంచీ తరుగుదల తియ్యలేదు! సోమేశం, ఇది మామూలు తప్పు కాదు." నేను తలూపాను. అవధాని పుస్తకం తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టి చూపించాడు. దాలయ్యకి చదువు రాదు కానీ అచ్చంటే భక్తి. చుట్ట పారేసి పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"పుస్తకంలో రాసున్నాదా? అయితే తీసీండి బాబూ" అని మిషను ఆపి, పానా కూడా తనే ఇచ్చాడు.

పైడిరాజు చొక్కా విప్పాడు. పెద్ద చక్రం ఊడదీసి, "ఇది మొదటి ఏడాది" అన్నాడు. బెల్టు లాగేసి, "ఇది రెండో ఏడాది" అన్నాడు. మూడో ఏడాది కింద చేతికొచ్చిన బోల్టులన్నీ గోనెసంచిలో పోశాడు. మళ్ళీ మీట నొక్కితే యంత్రం కిక్కురుమనలేదు.

"చూశావా, ఎంత తేలికపడిందో! చప్పుడే లేదు" అని మురిసిపోయాడు.

ఇక ఫొటో. బజార్లోంచి ఫొటోల బంగారయ్యని పిలుచుకొచ్చాం. ఆయన పెద్ద కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, తల మీద కప్పుకునే నల్లగుడ్డ పట్టుకొచ్చాడు. లోపలికి తొంగి చూసి, "చీకటి. ఏం తియ్యాలో బయట పెట్టండి" అన్నాడు.

"ఆస్తులన్నీ తియ్యాలి" అన్నాడు అవధాని.

ఇంకేముంది, లోపలున్న ఐసు దిమ్మలన్నీ మోసుకొచ్చి ఎండలో పేర్చాం. పెళ్ళి ఫొటోలోలాగ, పొడుగువి వెనక, పొట్టివి ముందు. గోనెసంచి, చక్రం కూడా పక్కన కూచోబెట్టాం. అప్పుడు పైడిరాజుకి అనుమానం వచ్చింది.

"ఒరే, ఇవి ఒకవైపే. అప్పులేవీ?"

అదృష్టం చూడండి, అప్పుడే ఫ్యాక్టరీకి ఉప్పు పోసే నూకాలమ్మ బాకీ కోసం గేట్లోకి వచ్చింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుడివైపు నిలబెట్టాం.

"నా డబ్బులిచ్చీండి, నిలబడతాను" అంది.

"ఇచ్చేస్తే నువ్వు ఫొటోలో ఉండకూడదమ్మా" అన్నాడు అవధాని.

"ఓలమ్మో, ఇదేటి న్యాయమర్రా!" అందే కానీ, ఫొటో అనేసరికి కొంగు సర్దుకుంది.

బంగారయ్య నల్లగుడ్డలో దూరాడు. "కదలకండి" అన్నాడు. నూకాలమ్మ కదల్లేదు. మేం కదల్లేదు. "ఎవరో కదులుతున్నారు" అన్నాడు. "ఐసండీ" అన్నాను. "దాన్ని కదలొద్దని చెప్పండి" అన్నాడు. పైడిరాజు వెళ్ళి చెప్పాడు కూడా. అది వినలేదు. గుడ్డలోంచి బయటికొచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ దూరి, మళ్ళీ వచ్చి, ఎట్టకేలకి ఆయన ఫొటో తీసేసరికి పొడుగువి పొట్టివయ్యాయి, పొట్టివి గేటు దాటి సముద్రం దారి పట్టాయి.

పడవలొచ్చాయి. చేపల బుట్టలతో జనం వచ్చారు. వెనకాలే నాయుడు గారూ వచ్చారు.

"నా ఐసేదిరా?" అని కేక పెట్టారు.

"ఎక్కడికీ పోలేదండి. ఫొటోలో ఉంది. రేపు కడిగి ఇస్తామన్నారు" అన్నాను.

"అయితే మిషనెయ్యండెహె! ఇంకో ఐసు కట్టించండి!"

"మిషన్లోంచి మూడేళ్ళు తీసేశామండి" అన్నాడు పైడిరాజు, సంచి చూపించి.

తర్వాత ఏం జరిగిందో వివరంగా చెప్పలేను. పచ్చి చేప వీపు మీద పడితే ఇంత చప్పుడవుతుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

మర్నాడు నాయుడు గారు వచ్చి వేదాంతం గారితో అన్నీ చెప్పుకుని, ముక్కు చీదుకుని వెళ్ళిపోయారు.  వేదాంతం గారు మా రిపోర్టు తీసుకుని చూశారు. కరిగిన ఐసు పోను ఆస్తులవైపు తగ్గింది. అప్పులు అలాగే ఉన్నాయి.

"సార్, మమ్మల్ని ఫెయిల్ చెయ్యకండి. మా నాన్న నూనె కొట్లో..." అంటూ ఆయన గొడుగు పట్టుకున్నాను.

"ఫెయిల్ చేస్తే మళ్ళీ నా దగ్గరికే వస్తారు కదరా! ఆ ఓపిక నాకు లేదు. రేపు పొద్దున్నకి రెండు వైపులూ సమానం చేసి పట్టుకురండి. పాస్ చేసి పంపేస్తాను."

అంతే. పట్టీని నిలువునా మధ్యకి కత్తిరించి, భూలోకం అనే కంసాలి కొట్టుకి పరిగెత్తాం. రెండు ముక్కల్నీ బంగారం తూచే త్రాసులో వేయించాం. ఫొటో అతికించడం వల్ల ఆస్తులవైపు బరువెక్కింది. పైనుంచి కొంచెం కత్తిరించాం. ఇప్పుడు అప్పులు బరువు. అటు కత్తిరించాం. ఇలా అటూ ఇటూ కోసి కోసి ముల్లు నిలబడేసరికి రిపోర్టు అరచెయ్యంత మిగిలింది.

వేదాంతం గారు దాన్ని కాసేపు చూసి కళ్ళు మూసుకున్నారు. "దీని మీద మీ పేర్లేవిరా?"

పేర్లు కోతలో పోయాయి.

"రాసి, ఆఫీసులో ఇచ్చి పొండి. నాకింక చూపించకండి."

కలం తీశాను. అవధాని చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు! మనం ముగ్గురం. వైపులు రెండు. ఒకవైపు ఇద్దరైతే బరువు తేడా రాదూ?"

నిజమే. పాసయ్యే ముందు ఎంత గండం! పైడిరాజు అటూ ఇటూ చూశాడు. గదిలో ఇంకొక మనిషి ఉన్నారు.

"సార్, మీ పూర్తి పేరేమిటండి?"

"వేదాంతం రంగాచార్యులు. ఎందుకురా?" కళ్ళు తెరవలేదాయన.

"సరిపోవడానికండి."

"ఏదో ఒకటి సరిపెట్టి తగలెయ్యండి!"

అటు ఇద్దరం, ఇటు ఇద్దరం రాసి ఆఫీసులో ఇచ్చేశాం.

జూన్లో ఫలితాలొచ్చాయి. నోటీసు బోర్డులో మేం ముగ్గురం పాసు! నూనె కొట్టు తప్పింది. మా కిందే ఉంది నాలుగో పేరు: వేదాంతం రంగాచార్యులు, తరగతి హాజరు లేనందువల్ల ఫెయిలు.

మా ఆనందమంతా నీరుగారిపోయింది. గురువు తప్పి శిష్యులు పాసైతే మనసొప్పుతుందా? వెంటనే అరటిపళ్ళు కొనుక్కుని ముగ్గురం ఆయన ఇంటికి వెళ్ళాం. పైడిరాజు ఆయన భుజం తట్టాడు.

"దిగులు పడకండి సార్, సెప్టెంబరులో మళ్ళీ రాయొచ్చు. సాయంత్రాలు మేమొచ్చి చెబుతాం."