సున్నం గోడ మీద ఎడమ చెయ్యి

భీమేశం వస్తాదుకు ప్రశ్నలంటే చిరాకు లేదు గాని, జవాబులంటే మహా బద్ధకం. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించి, వక్క నములుతూ అరుగు మీద కూర్చోవడం ఆయన అలవాటు. ఆ సంగతి తెలిసి కూడా గవర్రాజు ఆ ఉదయం ఊరుకోలేకపోయాడు.

"బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాణ్ణండి. కొత్తగా వచ్చినోళ్లతో పాటు నన్నూ గోడకి చేతులానించి తొయ్యమంటే ఎలాగండి? నేల మీద దండీలు తీసేవాడికి గోడెందుకండి?"

తాలింఖానాలో కసరత్తు చేస్తున్న నలుగురూ నవ్వారు. నవ్వు గవర్రాజు పక్షానే ఉంది.

అతని ఆత్రానికి కారణం లేకపోలేదు. దసరా ఊరేగింపులో ఒకడు అడుగున నిలబడి, ఇంకొకణ్ణి తన అరచేతుల మీద నిలబెట్టి తలపైకి ఎత్తాలి. బతికినన్నాళ్లూ అడుగున నిలబడింది గవర్రాజు తండ్రి. ఆయన పోయాక ఆ చోటు ఖాళీగా ఉంది. పైకెక్కే వీరన్న గవర్రాజు చెల్లెలి మొగుడు. ముందు గోడకి తొయ్యడం, తర్వాత అరుగుకి, ఆపైన నేలకి, చివరికి మనిషిని ఎత్తడం. వస్తాదు పెట్టిన ఈ వరసలో పోతే దసరా దాటిపోతుందని, తండ్రి చోటు ఇంకెవడో తన్నుకుపోతాడని గవర్రాజు బెంగ.

వస్తాదు వక్కని ఓ బుగ్గకి తోసి, "సరే, గోడ మానెయ్. ఒక్కసారి తోసి చూపించి మానెయ్. నేను చాలనేదాకా నిదానంగా వంగు, నిదానంగా లే" అన్నాడు.

ఎంతటివాడైనా మొదలెట్టే ముందు కుస్తీ గోదాలోని ఎర్రమట్టి అరచేతులకు పులుముకోవాలన్నది అక్కడి ఆచారం. గవర్రాజు పులుముకుని, పండక్కి కొత్తగా సున్నం వేసిన గోడకు చేతులానించాడు. మొదట్లో నవ్వుతూనే వంగాడు. దండీలు తీసేటప్పుడు ఒంటికి ఊపు సాయం ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. వస్తాదేమో తీరుబడిగా ఇంకో వక్కముక్క ఏరుకుంటున్నాడు. కాసేపటికి గవర్రాజు తనకు తెలియకుండానే కుడివైపుకు ఒరగసాగాడు.

"చాల్లే" అన్నాడు వస్తాదు.

గవర్రాజు వెనక్కి జరిగి చూశాడు. గోడ మీద కుడిచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా దిగబడినట్టుంది. ఎడమవైపు అయిదు వేళ్ల కొసలు మాత్రం అంటుకున్నాయి. ఇన్నేళ్లూ బస్తా కుడిభుజం మీదే మోశాడు. ఎడమచెయ్యి ఊరికే పక్కన నడిచొచ్చిందని అతనికి ఇప్పటిదాకా తెలియనే తెలియదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎత్తినవాడు పైనుంచి జారితేనో అనుకోగానే అతనికి చెల్లెలి మొహం గుర్తొచ్చింది.

అయినా మనసు ఒప్పలేదు. "మా నాన్న చోటు వేరేవాళ్లకి పోద్దండీ" అన్నాడు.

వస్తాదు లేచి వచ్చి, ఆ అయిదు చుక్కల మీద వేలు పెట్టి చూపించాడు.

"పోతే పోనీరా. మీ బావ రెండు కాళ్లతో ఎక్కుతాడు గదా."