ఎలుగు గోళ్ళతో ఇచ్చిన జవాబు

చింతలకొండ అడవిలో ఏనుగులు, ఎలుగుబంట్లు, అడవిపందులు, కొండముచ్చులు, కుందేళ్ళు, ఒంటినిండా పొలుసులతో చెదలు తిని బతికే అలుగులు ఉండేవి. అవన్నీ రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకునేవి. ఒక్క విషయంలో మాత్రం అన్నీ ఒకే మాట మీద ఉండేవి. ప్రతి జంతువూ తాను సంపాదించిన తిండిలో పదో వంతు కరువు కొట్టుకు ఇవ్వాలి. వానలు పడని ఏడాది తల్లి లేని పిల్లలకూ, లేవలేని ముసలివాళ్ళకూ ఆ కొట్టులోంచే తిండి వెళ్ళేది. మంచి పద్ధతి. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా ఫిర్యాదంతా ఆ కొట్టులో పనిచేసే కొండముచ్చు మీద. ఎవరెంత తిండి సంపాదించారో చూసి రావడం వాడి పని. చూసి రావాలంటే చెట్టు దిగాలి కదా! వాడు దిగడు. కొమ్మ మీద కూర్చుని కిందికి ఓ చూపు చూసేవాడు. గోళ్ళ గీతలున్న ప్రతి చెట్టూ ఎలుగు తేనె తీసిన చెట్టే అనేవాడు. తవ్వి ఉన్న ప్రతి గుంటా పంది దుంపలు తీసిన గుంటే అనేవాడు. అంత బద్ధకస్తుడి చేతికి అంత పెద్ద పని ఎవరిచ్చారో!

వేసవి మొదట్లో ఒకే రోజు ఇద్దరి ఇళ్ళ ముందు రెండు తాఖీదులు వేలాడాయి. తాఖీదు అంటే కొట్టు నుంచి వచ్చే నోటీసు. చెట్టు బెరడు మీద రాసి పంపేవారు. ఒకటి భల్లయ్య అనే ఎలుగుకు వచ్చింది. రెండోది ముట్టెమ్మ అనే అడవిపందికి వచ్చింది.

భల్లయ్యకు వచ్చిన తాఖీదులో ఇలా ఉంది: "పోయిన చలికాలంలో నలభై చెట్ల మీద నీ గోళ్ళ గీతలు కనిపించాయి. నువ్వు ఇరవై చెట్ల తేనెకే వాటా ఇచ్చావు. మిగిలిన ఇరవై చెట్ల సంగతేమిటో అమావాస్యలోగా రాసి ఇవ్వు. ఇవ్వకపోతే నీ గుహ ముందున్న ఇప్పచెట్టును కొట్టు స్వాధీనం చేసుకుంటుంది."

ఆ ఇప్పచెట్టు నిండా మొగ్గలున్నాయి. ఇంకో పది పన్నెండు రోజుల్లో పువ్వు రాలడం మొదలవుతుంది. భల్లయ్య ఇద్దరు పిల్లలూ వేసవంతా ఆ పువ్వు తినే బతకాలి.

నిజానికి భల్లయ్య ఏమీ దాచలేదు. ఎలుగులకు ఒక అలవాటుంది. కోపం వచ్చినా, సంతోషం వచ్చినా, గోళ్ళు దురద పెట్టినా ఎదురుగా ఉన్న చెట్టును గీరేస్తాయి. ఆ ఇరవై చెట్ల మీదా ఉన్నవి అలాంటి గీతలే. వాటిలో ఒక్కదానికీ తేనెపట్టు లేదు.

భల్లయ్య పళ్ళు పటపటా కొరుకుతూ ఉండగా ముట్టెమ్మ తన తాఖీదు పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"చూశావా అన్నా! నేను బురదలో పొర్లిన గుంటలు కూడా దుంపల గుంటలేనట! ముప్ఫై గుంటలకు జవాబు చెప్పాలట! ఆ కొండముచ్చుకు కళ్ళున్నాయా లేవా?"

"ఉన్నాయి. ఇవాళ వాటిని పీకేస్తాను!" అన్నాడు భల్లయ్య.

"నాకూ ఒళ్ళు మండిపోతోంది. కానీ ముందు పొలుసయ్య తాత దగ్గరికి పోదాం పద. ఆయన ఆ కొట్టులో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. తాఖీదుకు జవాబు ఎలా రాయాలో ఆయనకు తెలిసినట్టు మనకు తెలియదు."

పొలుసయ్య ముసలి అలుగు. కొట్టు పని మానేశాక, తాఖీదులు వచ్చినవాళ్ళకు జవాబులు రాసిపెట్టడమే వృత్తిగా పెట్టుకున్నాడు.

"ఊరికే రాసిపెడతాడా?" అని అడిగాడు భల్లయ్య.

"ఒక చెదపుట్ట తవ్వి ఇవ్వాలి."

"చెదపుట్టా! నా నోటి దగ్గర కూడు తీసి ఆ పొలుసుల ముసలాడికి పెట్టాలా? తప్పు చేసినవాడికి కావాలి సాయం. నిజం చెప్పడానికి ఇంకొకడి నోరు అద్దెకు తెచ్చుకోవాలా?"

గుహ లోపలి నుంచి అతని భార్య నల్లమ్మ తల బయటపెట్టింది. "ఒక్క పుట్టే కదయ్యా, వెళ్ళిరారాదూ?" అంది.

"నువ్వు లోపలికి పో!" అని గర్జించాడు భల్లయ్య.

ఒక్క పుట్ట! ఆ అడవిలో అడుగుకో చెదపుట్ట ఉంది. అతను రోజూ నాలుగు పుట్టలు పెకలించి తినేవాడు. ఇప్పచెట్టు పోయే వేళ ఒక్క పుట్ట దగ్గర పీనాసితనం చేసిన ఆ మొండివాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు బిగుసుకుంటాయి.

ముట్టెమ్మ ఒక్కతే వెళ్ళింది. పొలుసయ్య ఎదుట నిలబడి కొండముచ్చునూ, వాడి తాతముత్తాతలనూ కలిపి తిట్టింది. పొలుసయ్య అడ్డు చెప్పకుండా విన్నాడు.

"తిట్టడం అయిపోయిందా అమ్మా? ఇప్పుడు తాఖీదు ఇటివ్వు" అన్నాడు.

ఆయన తాఖీదును రెండుసార్లు చదివాడు. "పోయిన చలికాలం సంగతే అడిగారు. ముప్ఫై గుంటల గురించే అడిగారు. మనమూ అంతవరకే చెబుదాం. అడగని ఊసులు ఎత్తవద్దు. పద, గుంటలు చూద్దాం."

ఇద్దరూ ఎండలో తిరిగి ముప్ఫై గుంటలూ చూశారు. పొర్లిన గుంటల్లో బురద ఎండి గట్టిపడింది. ఆ బురదలో ముట్టెమ్మ వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. పొలుసయ్య గుంటకో బురద పెళ్ళ చొప్పున తీసి ఆకుల్లో చుట్టాడు. రెండు గుంటల దగ్గర మాత్రం ఆగిపోయాడు. వాటిలో తెగిన దుంపతీగలు కనిపించాయి.

"ఈ రెండిటికీ వాటా ఇచ్చావా?"

ముట్టెమ్మ తల దించుకుంది. "మరిచిపోయాను తాతా. వీటిని కూడా పొర్లిన గుంటల్లో కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది!" అన్నాడు పొలుసయ్య కోపంగా. "కొట్టుకు చేరవలసింది కొట్టుకు చేరాలి. ఈ రెండూ ఒప్పుకుని వాటా ఇస్తావా సరే. లేకపోతే నీ పుట్టా నాకొద్దు, నీ పనీ నాకొద్దు."

ముట్టెమ్మ ఒప్పుకుంది. పొలుసయ్య జవాబు రాశాడు. అమావాస్యకు ఐదు రోజుల ముందే దాన్నీ, బురద పెళ్ళలనూ, రెండు గుంటల వాటానూ కొట్టులో అప్పగించాడు. జవాబు అందినట్టు కొట్టు పెద్ద అయిన ఏనుగమ్మ చేత ఇంకో బెరడు మీద ముద్ర కూడా వేయించుకున్నాడు.

భల్లయ్య ఏం చేశాడంటారా? తాఖీదును నాలుగు ముక్కలు చేసి వాగులో పారేశాడు. తర్వాత కొట్టు వైపు బయలుదేరాడు. దారిలో కనిపించిన ప్రతి చెట్టునూ గోళ్ళతో బరికాడు. "ఇదిగో నా జవాబు! ఇదిగో! ఇదిగో!" అంటూ మద్దిచెట్టును గీరాడు, టేకుచెట్టును గీరాడు, వేగిసచెట్టును గీరాడు. పైన కొమ్మల మీద కొండముచ్చు చక్కగా లెక్కపెట్టుకున్నాడు. కొత్తగా పదకొండు చెట్లు!

కొట్టు గుమ్మం దగ్గర కుందేలు కాపలా ఉంది. "జవాబు తెచ్చారా మామా?" అని అడిగింది.

"నా నోరే నా జవాబు! ఎక్కడ ఆ కొండముచ్చు?"

"నోటితో అరిస్తే జవాబు కాదు మామా. రాసి ఇవ్వాలి. ఇంకా ఐదు రోజుల గడువుంది."

భల్లయ్య గుమ్మాన్ని ఒక్క తోపు తోసి విరగ్గొట్టాడు. కుందేలు ఎగిరి దూరంగా పడింది. అతను రొమ్ము విరుచుకుని ఇంటికి తిరిగి వచ్చాడు.

"గట్టిగా అడిగి వచ్చాను. ఇక వాళ్ళు నోరెత్తరు" అన్నాడు నల్లమ్మతో.

అమావాస్య వచ్చింది, వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఏనుగమ్మ ముట్టెమ్మ పంపిన బురద పెళ్ళలను ఒక్కొక్కటే తిప్పి చూసింది. చూసిన కొద్దీ ఆమె చెవులు విసురుగా ఊగాయి. "దిగి చూసి రమ్మంటే కొమ్మ మీద కూర్చుని కాకిలెక్కలు రాశావా?" అని కొండముచ్చును పట్టుకుని దులిపేసింది. ఇక మీదట నేల మీద నడిచే చూసి రావాలని ఆజ్ఞ వేసింది. ముట్టెమ్మ ఇంకేమీ ఇవ్వనక్కర్లేదని తీర్పు చెప్పింది. ముట్టెమ్మ ఆ సంతోషంలో పొలుసయ్యకు ఒకటి బదులు రెండు పుట్టలు తవ్వి పెట్టింది.

అదే రోజు భల్లయ్య ఇప్పచెట్టు చుట్టూ కొట్టువాళ్ళు తీగ కట్టారు.

"ఇది అన్యాయం! ఆ చెట్లకు తేనెపట్టే లేదు!" అని భల్లయ్య ఏనుగమ్మ ముందు అరిచాడు.

"కావచ్చు. ఈ ముక్క గడువులోగా రాసి ఇచ్చి ఉంటే నేనే వచ్చి చూసేదాన్ని. నువ్వు నాకు ఇచ్చిందేమిటి? విరిగిన గుమ్మం, పదకొండు కొత్త గీతలు. గడువు దాటితే చెట్టు కొట్టుది. అది నీకూ తెలుసు" అంది ఏనుగమ్మ.

భల్లయ్య పొలుసయ్య దగ్గరికి పరుగెత్తాడు. "తాతా, మూడు పుట్టలు తవ్వి ఇస్తాను. నా చెట్టు నాకిప్పించు!"

పొలుసయ్య పొలుసులు నిక్కబొడుచుకున్నాయి. "అప్పుడు ఒక్కటి చాలేది కదయ్యా! నీ వైపు నిజముంది. ఆ ఇరవై చెట్లూ నాకు చూపించి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. అబద్ధమాడి ఓడిపోయినవాణ్ణి చూస్తే నాకేమీ అనిపించదు. చేతిలో నిజం పెట్టుకుని ఓడిపోయినవాణ్ణి చూస్తేనే కడుపు మండిపోతుంది."

భల్లయ్య ఆయన ముందు చతికిలబడ్డాడు.

"మళ్ళీ విచారించమని రాసిపెడతాను. చెట్టు తిరిగి రావచ్చు. కానీ ఆ విచారణ వానలు పడ్డాకే జరుగుతుంది. ఈ ఏటి పువ్వు మీద మాత్రం ఆశ వదులుకో" అన్నాడు పొలుసయ్య.

భల్లయ్య ఇంటికి వచ్చేసరికి ఇప్పపువ్వు రాలడం మొదలైంది. తీగకు అవతల నేలంతా తెల్లగా ఉంది. పిల్లలిద్దరూ తీగకు ముక్కులు ఆనించి వాసన చూస్తున్నారు.

"ఈ వేసవంతా పిల్లలకు నీ కోపం పెట్టమంటావా?" అంది నల్లమ్మ.

భల్లయ్యకు కోపం ముంచుకొచ్చింది. పక్కనున్న మద్దిచెట్టు మీదికి పంజా ఎత్తాడు. ఆ చెట్టు మొదట్లో కొండముచ్చు నేల మీదే నిలబడి చూస్తున్నాడు. భల్లయ్య ఎత్తిన పంజాను మెల్లగా దించుకున్నాడు. తర్వాత పిల్లల కోసం పుట్టలు వెతకడానికి అడవిలోకి వెళ్ళాడు.

నీతి: నిజం మన వైపు ఉంటేనే చాలదు. తాఖీదు వచ్చినప్పుడు కోపాన్ని ఇంట్లో వదిలి, ఆ పని తెలిసినవారి సాయంతో గడువులోగా జవాబు ఇవ్వాలి.