చెలమ దగ్గర పిడికెడు ఇసుక

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం వస్తే ఒట్టి ఇసుకగా మిగిలిపోయే వాగు ఒకటి ఉండేది. ఒక ఏడు ఎండలు మరీ ముదిరాయి. అప్పుడు కొండ మీద నుంచి ఒక ముసలి ఆడ ఏనుగు మందతో దిగివచ్చింది. కాలితో తన్ని, తొండంతో తోడి, వాగు నడుమ ఒక చెలమ తీసింది. అడుగున తేటనీళ్ళు ఊరాయి. తాను తాగింది. అందరినీ తాగమంది. తన మందతో పాటు కొండ దాటి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఆ అడవిలో ఒక అలవాటు పడింది. నీళ్ళు తాగినవాళ్ళు ఊరికే వెళ్ళరు. చెలమలోంచి పిడికెడు ఇసుక తీసి దూరంగా పోసి, "ఏనుగమ్మ చలవ" అని వెళతారు. దుప్పి గిట్టతో తీసేది. కోతి చేత్తో తీసేది. ఏదుపంది అవ్వ గోళ్ళతో తీసేది.

అవ్వకి ఒంటినిండా ముళ్ళు. బుర్రనిండా మరుపు. దుంప దాచిన చోటు మర్చిపోయేది. మాట మధ్యలో మాట మర్చిపోయేది. ఒకనాడు తన బొరియ అనుకుని ఉడుము బొరియలో దూరింది.

"అవ్వా, ఇవాళ ఎవరింట్లో మకాం?" అని కోతి ఏడిపించేది.

"నీ కొమ్మ మీదే! కాస్త జరుగు" అనేది అవ్వ.

పైకి అలా అనేదే గానీ, లోపల ఒకటే గుబులు. పొద్దున లేస్తే నిన్నటిలోంచి ఏం జారిపోయిందో తెలిసేది కాదు. అందుకే రోజూ తనకి మేలు చేసినవాళ్ళని పేరుపేరునా పైకి తలుచుకునేది. "దుంప దగ్గర మన్ను గుల్ల చేసింది పందికొక్కు. నక్క వస్తోందని అరిచింది గోరింక. నీళ్ళిచ్చింది ఏనుగమ్మ." ఆ పేర్లు నోట్లో ఆడుతున్నంతసేపూ తాను తానుగానే ఉన్నట్టు ధైర్యం.

ఇలా ఉండగా ఒక చిరుతపులి ఆ వాగుకి వచ్చింది. చెలమ పక్కనున్న బండ ఎక్కి కూర్చుంది.

"ఏదీ మీ ఏనుగు? వెళ్ళిపోయింది. ఇక్కడున్నది నేను. మీరు నీళ్ళు తాగుతుంటే తినకుండా ఊరుకుంటున్నది నేను. అంటే నీళ్ళిస్తున్నది నేనే! ఇకమీదట ఇసుకా వద్దు, ఏనుగూ వద్దు. 'చిరుతదొర చలవ' అని నాకు దండం పెట్టి తాగండి" అంది.

కోతి దండం పెట్టింది. పైగా ఒక పల్టీ కొట్టింది. దుప్పి తన పిల్లని దగ్గరికి లాక్కుని దండం పెట్టింది. ఉడుము ఎలాగూ నేల మీదే పాకుతుంది కాబట్టి దానికి కష్టమే లేకపోయింది.

మునిమాపు వేళ అవ్వ వచ్చింది.

"నీళ్ళు ఎవరిచ్చారు?" అంది చిరుత.

"ఏనుగమ్మ."

"మర్చిపోయావా ముసలీ? నేను!"

"చాలా మర్చిపోయాను నాయనా. ఇది మాత్రం మర్చిపోలేదు."

చిరుతకి ఒళ్ళు మండింది. మీద పడదామంటే ముళ్ళు. కానీ చెలమలోకి తల వంచి తాగేటప్పుడు ముళ్ళు మూతిని కాపాడవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"అయితే నీకు నీళ్ళు లేవు. పో!"

అవ్వ తాగకుండానే వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. అదే ప్రశ్న. అదే జవాబు. తిరిగి వెళుతుంటే దుప్పి వెంటవచ్చి గుసగుసలాడింది.

"ఒక్క మాట అనేస్తే పోయేదేముంది అవ్వా? నేను అనలేదా? పెదవి మీది మాటేగా, మనసులోది కాదుగా!"

"నీకు బిడ్డ ఉంది తల్లీ, నిన్నేమీ అనను. నీ మనసులో ఉన్నది రేపటికీ ఉంటుంది. నా మనసులో ఏదీ నిలవదమ్మా. నోటితో ఏది చెబితే అదే నాకు మిగిలేది. రోజూ 'చిరుతదొర చలవ' అంటూ పోతే, కొన్నాళ్ళకి అదే నిజమనుకుంటాను. ఆ తల్లి నాలోంచి పోతుంది. పోనివ్వను!"

ఇంటికెళ్ళి ఎండు దుంప నమిలింది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. అయినా పేర్లన్నీ చెప్పుకుంది.

మూడోనాడు వచ్చేసరికి వాగులో గుంపు. చెలమ కనబడలేదు. దండాలు పెట్టినవాళ్ళే గానీ ఇసుక తీసినవాళ్ళు లేరు. గట్లు జారిజారి చెలమ పూడిపోయింది. దుప్పిపిల్ల ఉత్త ఇసుకని నాకుతోంది. బండ మీద చిరుతకీ నాలుక వేలాడుతోంది.

"దండం పెట్టండి!" అని గాండ్రించింది చిరుత. పెట్టారు. నీళ్ళు రాలేదు.

"ఇంకా వంగండి!" వంగారు. నీళ్ళు రాలేదు.

అవ్వ గుంపుని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"నీళ్ళిచ్చేది నువ్వే కదా నాయనా. ఇయ్యి మరి" అంది.

కోతి కిసుక్కున నవ్వి, గబుక్కున నోరు మూసుకుంది.

చిరుత బండ మీంచి దూకింది. అవ్వ పారిపోలేదు. వీపు తిప్పింది. ముళ్ళన్నీ గలగలమంటూ లేచి నిలబడ్డాయి.

"రా! ఇప్పుడు నేను తల వంచి లేను!"

ఎత్తిన పంజా ఎత్తినట్టే ఆగిపోయింది.

అవ్వ అలాగే, ముళ్ళు దించకుండా, ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. పిడికెడు తీసింది. "ఏనుగమ్మ చలవ" అంది. ఇంకో పిడికెడు తీసింది. దుప్పి ఒకసారి చిరుతని చూసింది, ఒకసారి తన పిల్లని చూసింది. వచ్చి అవ్వ పక్కన గిట్ట వేసింది. "ఏనుగమ్మ చలవ" అంది, ఈసారి పైకే. కోతి వచ్చింది. ఉడుము వచ్చింది. తవ్వగా తవ్వగా తడి తగిలింది. తడిలోంచి నీళ్ళు ఊరాయి.

ముందు దుప్పిపిల్ల తాగింది. తర్వాత అవ్వ, ఆ తర్వాత అందరూ తాగారు. చిరుత దూరంగా నిలబడే ఉంది.

"దీన్ని పొమ్మందామా అవ్వా?" అంది కోతి.

"దాహానికి దొరా బంటూ ఏముంది? తాగనీ. కానీ పిడికెడు ఇసుక తియ్యందే కదలడానికి వీల్లేదు!"

చిరుత తాగింది. మొహం పక్కకి తిప్పుకుని, పంజాతో ఇసుక తీసి పోసింది. నోట్లో ఏదో గొణిగింది. ఏమన్నదో ఎవరికీ వినబడలేదు.

తిరుగుదారిలో అవ్వకి ఎటు వెళ్ళాలో తెలియలేదు. దుప్పి ముందు నడిచింది. బొరియ దగ్గర అవ్వ పేర్లు మొదలుపెట్టింది. "పందికొక్కు, గోరింక, ఏనుగమ్మ... ఇవాళ ఇంకెవరో ఉండాలే. ఎవరబ్బా?"

"నేనే అవ్వా, దుప్పిని. నీతో కలిసి తవ్వాను. దారి చూపించాను."

"ఆఁ, దుప్పి! నీ చలవ తల్లీ. రేపు నీ పేరు జారిపోతుందేమో, గుర్తు చెయ్యి."

"చేస్తాను. మళ్ళీ మర్చిపోతే?"

"మళ్ళీ అడుగుతాను" అంది అవ్వ. "మర్చిపోతానేమో గానీ, మానను!"

నీతి: మేలు చేసినవారి పేరు చెప్పడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు, నోటితో చెప్పిన ఆ పేరును రోజూ చేత్తో నిలబెట్టాలి.