చట్నీ వాసన చూసిన నరసమ్మ

పార్వతీపురం బస్టాండు ఎదుట ఇడ్లీబండి నడిపే ఎర్రునాయుడు నిజాయితీకి పెట్టింది పేరు. కానీ ‘తూనీగ వీరుడు’ సినిమా మాటెత్తితే మాత్రం ఆ నిజాయితీ ఎక్కడికి పోయేదో పోయేది.

ముందు అతని మంచి చెప్పుకోవాలి. తెల్లారేసరికి పొగలు కక్కే ఇడ్లీలతో సిద్ధంగా ఉండేవాడు. చట్నీ కాస్త పులిసినా దాచేవాడు కాదు. “ఇయ్యాల చట్నీ వద్దు బావూ, పులిసింది. కారప్పొడి ఏసుకో” అని తనే చెప్పేవాడు. తన సరుకును తన నోటితోనే వద్దనే మనిషిని మనం ఎక్కడ చూస్తాం? అందుకే పదేళ్లుగా ఆ బండి దగ్గర ఎవరూ ప్లేటు వంక అనుమానంగా చూసింది లేదు.

ఇక సినిమా సంగతి. మూడేళ్ల కిందట వచ్చిన మొదటి భాగం నిజంగానే గొప్పది. అందులో కరెంటు స్తంభాలెక్కే ఒక లైన్‌మన్‌కు తూనీగ రెక్కలు మొలుస్తాయి. అవి తడిస్తే ఎగరలేడు. చివర్లో కుండపోత వానలో, రెక్కలు వేలాడేసుకుని, మెడలోతు వరదలో నడిచి వెళ్లి బడిపిల్లల్ని భుజాల మీద మోసుకొస్తాడు. ఆ సీను నాయుడు పదకొండుసార్లు చూశాడు, పదకొండుసార్లూ ఏడ్చాడు. ఊళ్లో అభిమాన సంఘం పెట్టి, దానికి తనే అధ్యక్షుడయ్యాడు.

రెండో భాగం వస్తోందని తెలియగానే మనవాడికి కాలు నిలవలేదు. విడుదలకు వారం ముందే ‘ఘనవిజయం’ అని బ్యానరు వేయించి థియేటరు ముందు కట్టేశాడు! మొదటి రోజు బండికి సెలవు పెట్టి, ఎగరెయ్యడానికి రంగు కాగితాలు సంచీనిండా చించుకుని ఉదయం ఆటకు వెళ్లాడు.

ఈసారి వీరుడికి ఉక్కు రెక్కలు పెట్టారు. వాన వాటిని ఏమీ చెయ్యదు, నిప్పూ ఏమీ చెయ్యదు. రాక్షసుల మీద రాక్షసులు వచ్చారు. వీరుడు ఒంటికి మట్టి అంటకుండా అందరినీ దులిపేశాడు. ఇంటర్వెల్‌కే నాయుడికి ఆవులింతలు మొదలయ్యాయి. కాగితాలు సంచీలోనే ఉండిపోయాయి.

బయటికి రాగానే నరసమ్మ ఎదురైంది. ఆమె ఆసుపత్రిలో ఆయా. రోజూ నాయుడి బండి దగ్గర తినే డ్యూటీకి వెళ్లేది. ఆమెకు నెలకు ఒక్కరోజే సెలవు. ఆ ఒక్కరోజూ ఏడేళ్ల కూతురు ఝాన్సీది.

“అన్నా, రేపు నాకు సెలవు. పాపని ఈ సినిమాకి తీసుకెళ్లనా, తోటపల్లి డ్యాముకి తీసుకెళ్లనా? నువ్వెలా సెప్తే అలాగే” అంది.

నాయుడు తలెత్తి తన బ్యానరు వైపు చూశాడు.

“సినిమాకే ఎల్లు సెల్లీ. అదిరిపోయింది” అన్నాడు.

సెలవు మర్నాడు పొద్దున్నే ఝాన్సీని బడికి తీసుకెళుతూ నరసమ్మ బండి దగ్గర ఆగింది.

“మామా, వీరుడు తడిసినా ఏటీ అవ్వలేదేటి? నాకసలు భయమే వెయ్యలేదు. నిద్రొచ్చేసింది” అంది ఝాన్సీ.

నాయుడు వెర్రినవ్వు నవ్వి, ఇడ్లీల మీద చట్నీ వేసి ప్లేటు అందించాడు.

“చట్నీ బాగుందా అన్నా?” అంది నరసమ్మ.

“బాగుంది సెల్లీ, ఇప్పుడే రుబ్బాను.”

ఆమె ప్లేటు పైకెత్తి, చట్నీ వాసన చూసింది. ఆ తరవాతే తినడం మొదలుపెట్టింది.

నాయుడికి ప్రాణం చివుక్కుమంది. నాలుగు తిట్టినా ఇంత బాధపడేవాడు కాదు. పదేళ్లలో అతని చట్నీని వాసన చూసిన మొదటి మనిషి ఆమే.

“సెల్లీ, ఆ సినిమా నాకూ నచ్చలేదు. తెలిసీ అబద్ధమాడాను. నీ సెలవు పాడుచేశాను” అన్నాడు తల దించుకుని.

“ఆ ముక్క మొన్నే సెప్పాల్సింది అన్నా” అంది నరసమ్మ. అంతే. పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు బండి కట్టేసి నాయుడు తిన్నగా థియేటరుకు వెళ్లాడు. నిచ్చెన వేసుకుని, తను కట్టిన బ్యానరు తనే విప్పేశాడు. టిక్కెట్ల వరసలో ఉన్నవాళ్లు “ఏటి నాయుడూ, సినిమా ఎలాగుంది?” అని అడిగారు.

“మొదటిది పదకొండుసార్లు చూశాను, ఇంకో పదకొండుసార్లు చూస్తాను. ఇది మాత్రం బాగోలేదు. పిల్లల్ని తెచ్చినోళ్లు ఆలోచించుకోండి” అన్నాడు గట్టిగా.

సంఘం కుర్రాళ్లు చుట్టుముట్టారు. “నువ్వు అభిమానివేనా?” అని ఒకడు చొక్కా పట్టుకున్నాడు.

“అభిమానిని గనకే సెప్తన్నాను. చట్నీ పులిస్తే నా బండి గురించి నేనే సెప్తాను. మన వీరుడని దీన్ని దాచేస్తే, రేపు మన మాట ఎవడు నమ్ముతాడు?” అన్నాడు నాయుడు.

సాయంత్రానికల్లా అధ్యక్ష పదవి ఊడింది. ఎంతో ఇష్టంగా పెట్టుకున్న సంఘం! దుఃఖం పొంగుకొచ్చింది. అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేదు. వరదలో నడిచిన ఆ వీరుడికి తగ్గ అభిమాని అంటే ఇతనే అని నేనంటాను.

నెల తిరిగింది. ఈలోగా నరసమ్మ తినడం మానలేదు, వాసన చూడడమూ మానలేదు. నాయుడు నొచ్చుకునేవాడే గాని పల్లెత్తు మాట అనేవాడు కాదు.

ఒకరోజు ఆమె వచ్చి, “అన్నా, రేపు సెలవు. తోటపల్లి ఎల్లమంటావా?” అంది.

“ఎల్లు సెల్లీ. కానీ అక్కడ తిండేం బాగోదు, ఇంటి దగ్గరే వండి పట్టుకెల్లు” అన్నాడు.

“అయితే పొద్దున్నే నీ ఇడ్లీలే కట్టించుకుంటాను” అంటూ నరసమ్మ ప్లేటు అందుకుంది. మాటల్లోనే ఇడ్లీ తుంచి, చట్నీలో ముంచి, వాసన చూడకుండా నోట్లో పెట్టుకుంది.

నాయుడు గబుక్కున పొయ్యివైపు తిరిగాడు. పదకొండుసార్లు సినిమాకు తడిసిన కళ్లు పన్నెండోసారి చట్నీకి తడిశాయి.

ఈ కథ చెప్పే నీతి ఒక్కటే: మనకెంతో ఇష్టమైనదాని గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పినప్పుడే, మన మాటను లోకం నమ్ముతుంది.