కాపలా వదిలిన రోజు

అనగా అనగా ఒక కొండ అడవి. అక్కడ ఎర్రటి రేచుకుక్కల గుంపు ఒకటి ఉండేది.

ఆ గుంపుకు ఒక పద్ధతి ఉంది. అందరూ వేటకు పోతే, ఒకరు గుహ దగ్గర పిల్లలకు కాపలా ఉండాలి. వేటకు వెళ్ళినవాళ్ళు మాంసం మింగి వచ్చి, కాపలా ఉన్నవారికీ పిల్లలకూ కక్కి పెట్టాలి. ఛీ అనకండి. మనం అన్నం కలిపి పెట్టడం లాంటిదే అది.

కాపలా గున్నమ్మది. గుహలో ముగ్గురు పసివాళ్ళు, ముగ్గురూ ఆమె పిల్లలే. ఆమె అన్న జేగురు గుంపుకు పెద్ద.

ఒక ఉదయం జేగురు అన్నాడు. "ఇక్కడ కుందేళ్ళ వెనక ఇంకెన్నాళ్ళు పరుగెడతాం? ఏటి అవతల దుప్పులున్నాయి. ఇకనుంచి అక్కడే వేట, అక్కడే తిండి. అంత దూరం కడుపులో మోసుకురావడం దండగ. మిగిలింది నోట కరుచుకొస్తాం."

"మిగలకపోతే?" అంది గున్నమ్మ.

"అన్నను నమ్మవా చెల్లీ?"

మొదటిరోజు ఒక ఎముక వచ్చింది. దాని మీద పెద్దగా ఏమీ లేదు.

రెండోరోజు అదీ రాలేదు. "దారిలో జారిపోయింది" అన్నాడు వేటగాడు గండడు.

గున్నమ్మ అతని మూతి వాసన చూసింది. "ఎక్కడ జారింది బావా? గొంతులోకా?"

"నీడలో పడుకునేదానికి ఇన్ని మాటలా!" అని గండడు పళ్ళు చూపించాడు.

వేటగాళ్ళ మధ్య కూడా మాటలు తగ్గాయి. కార్జం ఎవరు తిన్నారోనని ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు.

మూడోరోజుకు గున్నమ్మ దగ్గర పాలు లేవు. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు. అసలు వీళ్ళు ఏం చేస్తున్నారో చూడాలనుకుంది. "బయటికి రాకండి" అని పిల్లలకు చెప్పి, వేటగాళ్ళ వెనకే ఏటిదాకా వెళ్ళింది. పొద మాటునుంచి చూసింది. అనుమానం నిజమే. అందరూ కడుపు పగిలేలా తింటున్నారు.

పరుగున వెనక్కి వచ్చింది. గుహ ముందు చిరుతపులి వాసన.

ఇద్దరు పిల్లలు రాతి సందులో ఉన్నారు. మూడోవాడు లేడు.

జేగురు వచ్చి అరిచాడు. "కాపలా ఎందుకు వదిలావు?"

"నువ్వు తెచ్చిపెడతావన్న నమ్మకంతోనే ఇన్నాళ్ళూ కాపలా కాశాను. తేవడం నువ్వు మాన్పించావు. కాపలా మాత్రం ఉంటుందనుకున్నావు."

"దుప్పుల వేట తప్పా?"

"వేట తప్పు కాదన్నా. అంత దూరం పోవాలనుకున్నప్పుడే గుహను కూడా అక్కడికి మార్చాల్సింది."

మర్నాడే గుంపు ఏటి ఒడ్డున కొత్త గుహ చూసుకుంది. వేటనుంచి జేగురే ముందుగా వచ్చి పిల్లలకు కక్కి పెట్టాడు. పిల్లలు తిన్నారు.

"నువ్వూ తినమ్మా" అన్నాడు.

గున్నమ్మ గుహకు అడ్డంగా నిలబడింది. "నువ్వు వెళ్ళు. తర్వాత తింటాను" అంది.

నీతి: కొత్త ఉపాయం ఎంత మంచిదైనా, ఇంటివాళ్ళు ఏ పద్ధతిని నమ్ముకుని బతుకుతున్నారో చూసుకుని మొదలుపెట్టాలి. ఆ పద్ధతి తెగితే ముందు నమ్మకం పోతుంది.